పలికీ వెళ్ళని పడవ

యుద్ధం రోజుల్లో కోనసీమ నుంచి బర్మా వెళ్ళినవాళ్ళున్నారు, ఈజిప్టు వెళ్ళినవాళ్ళున్నారు, చుక్కల్లోకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు అరుగుల మీద కూర్చుని ఏళ్ళ తరబడి కథలు చెప్పారు. చెప్పినకొద్దీ వాటిలో పులులూ, జపానువాళ్ళూ పెరిగారు. చుక్కల్లోంచి వచ్చినవాళ్ళు మాత్రం నోరు విప్పలేదు. ఎవరైనా అడిగితే చుట్ట ముట్టించుకుని వేరే మాటలోకి దిగిపోయేవారు. కొత్తరేవు జగ్గయ్య వాళ్ళలో ఒకడు. అతను చుట్ట కూడా కాల్చడు కాబట్టి, అడిగినవాళ్ళ ముఖం చూసి ఊరుకునేవాడు.

కొత్తరేవు పేరుకే కొత్త. వైనతేయ పాయకి అమలాపురం వైపు ఒడ్డున జగ్గయ్య తాతల నాటి నుంచీ ఉన్న రేవది. అవతల ఒడ్డు రాజోలు వైపు. అప్పటికింకా వంతెన అన్న ఊసే లేదు. మలికిపురం సంతకి వెళ్ళేవాళ్ళు, కోర్టు పని మీద అమలాపురం వచ్చేవాళ్ళు, పురుటికి పుట్టింటికి వెళ్ళే ఆడపిల్లలు, అరటి గెలలు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ పడవ మీద దాటాల్సిందే. కోనసీమలో పుట్టిన మనిషి జీవితంలో సగం ఏదో ఒక ఒడ్డున పడవ కోసం కూర్చోవడంతోనే గడిచిపోయేది. మా వాళ్ళకి మాటకారితనం అబ్బింది అక్కడేనని నా అనుమానం.

ఆ కూర్చోవడానికి ఒక పద్ధతి ఉంది. అవతలి ఒడ్డుకి వచ్చిన మనిషి అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని "ఓ పడవోయ్" అని కూకేస్తాడు. ఇవతల పడవవాడు "ఓయ్" అని పలుకుతాడు. పలికాడంటే వస్తున్నాడన్నమాటే. ఇంక ఆ మనిషి గొడుగు ముడిచి, చెప్పులు పక్కన పెట్టి, గట్టు మీద చతికిలబడతాడు. పడవవాడు పలక్కపోతే కోపం తెచ్చుకోడు. వీలు లేదు కాబోలు అనుకుని గట్టు వెంట నడిచి దిగువ రేవుకి వెళ్ళిపోతాడు. అంచేత పడవవాడికి ఉన్న నీతి అంతా ఇంతే: వెళ్ళలేకపోతే పలకకూడదు, పలికితే వెళ్ళి తీరాలి. ఎక్కేవాడికీ అలాంటిదే ఇంకోటుంది. పలికించుకున్నాక వేరే రేవుకి పోకూడదు. పడవవాడు ఎదురుపోటులో తెడ్డు వేసుకుంటూ ఏరంతా దాటి వచ్చేసరికి ఒడ్డున మనిషి లేడనుకోండి, తల్లిని తిట్టినా అంత బాధపడడు. ఈ పద్ధతి ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఈత ఎలా వచ్చిందో ఇదీ అలాగే వచ్చింది.

జగ్గయ్య పడవలో రోజూ దాటేవాళ్ళలో సాలమోను ఒకడు. అవతలి ఒడ్డు పేటవాడు, కొబ్బరి దింపులు తీసేవాడు. నడుముకి కత్తి, భుజాన కాళ్ళకి వేసుకునే బంధం, నోట్లో బీడీ, దాని పైన ఒక ఎగతాళి మాట. చెట్టెక్కి కాయ కోస్తూ కూడా కిందవాళ్ళతో వేళాకోళం ఆడేవాడు. తండ్రి లేడు. తల్లి సత్తెమ్మకి వాడొక్కడే. సాలమోను కన్నా జగ్గయ్య పదేళ్ళు పెద్ద. కులం వేరు, దేవుడు వేరు, ఒడ్డు వేరు. అయినా ఒకరోజు సాలమోను కేక వినపడకపోతే జగ్గయ్యకి ఆ పూట ఉప్పులేని కూడు తిన్నట్టు ఉండేది.

నలభై మూడులో రేవు వేలంపాట చేతులు మారింది. కొత్త పాటదారు తన మనుషుల్నే పడవ మీద పెట్టుకుని జగ్గయ్యని పొమ్మన్నాడు. సరిగ్గా అదే నెలలో అమలాపురంలో మిలిటరీవాళ్ళు మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసింది. కింద జరుగుతున్న యుద్ధం చాలనట్టు దొరలు పైన ఇంకోటి పెట్టుకున్నారు. ఎవరితోనో, ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పైన తిరిగే పెద్ద ఓడలు ఒకదానికొకటి ఆనకూడదట. ఈ ఓడకీ ఆ ఓడకీ మధ్య మనుషుల్ని చేరవెయ్యడానికి చిన్న పడవలు కావాలట, వాటికి పడవవాళ్ళు కావాలట. జగ్గయ్య పేరిచ్చాడు. బతికుండగానే పైకి పోతున్నాడని ఊరంతా ఒకటే నవ్వు. భార్య వీరాయమ్మ మాత్రం నవ్వలేదు, మూడు రోజులు అన్నం ముట్టలేదు.

జగ్గయ్య వెళ్తున్నాడని సాలమోను కూడా వెళ్ళి సిపాయిగా చేరాడు. ఎత్తుకి భయపడనివాడు కావాలంటే తనకంటే ఎవడు దొరుకుతాడని వాడి ధీమా. సత్తెమ్మ ఏడ్చుకుంటూ ఏరు దాటి జగ్గయ్య ఇంటికొచ్చింది. వాణ్ణి ఆపమని అడగడానికి వచ్చింది గానీ, ఆ మాట అనలేకపోయింది. గుమ్మంలో నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఉండిపోయింది. జగ్గయ్య మనసు కరిగిపోయింది. మనసు కరిగినప్పుడు మనిషి ఇచ్చే మాటల్లో లెక్కాజమా ఉండదు.

"ఏడవకమ్మా. నా పడవలో తీసుకెళ్ళి నా పడవలోనే తెచ్చి నీ ఒడ్డున దింపుతాను," అన్నాడు.

"ఆయ్, నీ మాట మీదే ఉంటాను బాబూ," అని సత్తెమ్మ వెళ్ళిపోయింది.

పెద్దోడలో జగ్గయ్యకి మొదట నచ్చనిది నీళ్ళు లేకపోవడం. కింద ప్రవాహం లేదు, పోటు లేదు, పాటు లేదు, గాలి లేదు. ఎటు చూసినా ఇనుము, నూనె వాసన. పొద్దు పొడవడం, గుంకడం లేవు. గంట కొడితే తినాలి, గంట కొడితే పడుకోవాలి. అద్దాల్లోంచి చూస్తే చుక్కలు కదలకుండా ఉండేవి. సాలమోను మాత్రం రెండో రోజుకే వంటవాళ్ళతో చుట్టరికం కలిపేశాడు. ఇక్కడ మునిగే భయం లేదు కదన్నా, పడిపోయినా ఎక్కడా ఆగకుండా పడుతూనే ఉంటాం అని జగ్గయ్యని ఏడిపించేవాడు.

వాడికి పక్క మంచం మీద అనంతపురం వైపు నుంచి వచ్చిన ఓబులేసు అనే సిపాయి ఉండేవాడు. ఏట్లో నీళ్ళు ఏడాది పొడుగునా ఉంటాయంటే ఆ మనిషి నమ్మలేదు. పడవ కోసం కేకెయ్యడం, పలికేదాకా ఆగడం, పలికాక కూర్చోవడం అంతా సాలమోను అభినయించి చూపిస్తుంటే ఓబులేసు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. అంతసేపు కూర్చునే బదులు మీరు నడిచి పోవచ్చు గదా అనేవాడు.

రెండేళ్ళు అలా గడిచాయి. జగ్గయ్య ఇనప పడవ నడపడం నేర్చుకున్నాడు. దానికి తెడ్డు లేదు, రెండు పిడులున్నాయి. ఒకటి లాగితే ముందుకి, ఇంకోటి లాగితే పక్కకి. పక్కన మాటల పెట్టె ఒకటి ఉండేది. అందులోంచి ఆ ఓడలో ఏ మూల నుంచి మాట్లాడినా, దగ్గర్లో ఉన్న ఇంకో ఓడలోంచి మాట్లాడినా వినపడేది, మీట నొక్కితే ఇటు నుంచి పలకొచ్చు. శత్రువుని జగ్గయ్య ఒక్కసారి కూడా చూడలేదు. దూరంగా వెలుగులు మెరిసేవి, ఆరిపోయేవి. అంతే యుద్ధం.

ఒకరోజు తోటి ఓడ ఒకటి కనపడింది. ఎప్పుడో జాడ తెలియకుండా పోయిన ఓడ. దీపాలు వెలుగుతున్నాయి గానీ పిలిస్తే పలకడం లేదు. చూసి రమ్మని కెప్టెను కొందరు సిపాయిల్నీ, వాళ్ళ మీద ఒక సుబేదారునీ జగ్గయ్య పడవలో పంపాడు. బయల్దేరే ముందు అందరినీ నిలబెట్టి ఒక మాట గట్టిగా చెప్పాడు. ముందు తలుపు దగ్గర పడవ కాచుకుని ఉంటుంది. ఆ దారి మూసుకుపోతే ఎవరి కోసమూ ఆగకుండా వెనక తలుపుకి వెళ్ళిపోవాలి. మన ఓడే ఇంకోటి అటువైపు వస్తోంది, దాని పడవ అక్కడ ఎక్కించుకుంటుంది. సాలమోను జగ్గయ్య చెవిలో, ఎగువ రేవు మనది, దిగువ రేవు వాళ్ళదీనూ అన్నాడు. సిపాయిలందరిలో నవ్వినవాడు వాడొక్కడే.

తలుపు తెరుచుకుని సిపాయిలు లోపలికి వెళ్ళారు. సుబేదారు దీపం మోయమంటే జగ్గయ్య కూడా కొంత దూరం వెళ్ళాడు. వెళ్ళకుండా ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. పొడుగాటి నడవా, రెండు వైపులా గోడలకి ఆనుకుని ఆ ఓడ మనుషులు. కవాతుకి నిలబడ్డట్టు వరసగా, తిన్నగా, బూట్లతో, టోపీలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ మీద పచ్చళ్ళకి బూజు పట్టినట్టు తెల్లటి నూగు. ఆ నూగే గోడ నిండా ఉంది. గోడ ఎక్కడ అయిపోయిందో, మనిషి ఎక్కడ మొదలయ్యాడో తెలియడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోళ్ళూ తెరిచే ఉన్నాయి.

సుబేదారుకి వాళ్ళలో ఒకడు తెలుసు. ఒకప్పుడు తన కింద పనిచేసినవాడే. నోరు ఊరుకోక వాడి పేరు పెట్టి పిలిచాడు. గోడలోని మనిషి పెదవులు కదలకుండా "హాజర్" అన్నాడు. వెంటనే పక్కవాడు హాజర్ అన్నాడు, ఆ పక్కవాడు అన్నాడు. అలా నడవా చివరిదాకా ఒకరి తర్వాత ఒకరు హాజరు చెప్పుకుంటూ పోయారు. చివరి మనిషి హాజర్ అనలేదు. ఇప్పుడే సుబేదారు పిలిచిన పేరుని, సుబేదారు గొంతుతోనే, తిరిగి పిలిచాడు. దీపం జగ్గయ్య చేతిలోంచి జారిపోయింది.

అంతలో గోడల మీది తెలుపు కదిలింది. పాలు పొంగినట్టు నేల మీదికి దిగింది. సాలమోను, ఓబులేసు, ఇంకా కొందరు అప్పటికే చాలా ముందుకి వెళ్ళిపోయి ఉన్నారు. వాళ్ళకీ వీళ్ళకీ మధ్య ఇనప తలుపు దానంతటదే పడిపోయింది. తలుపు అవతల అరుపులు, తుపాకీ మోతలు. సుబేదారు జగ్గయ్య రెక్క పట్టి పడవలోకి ఈడ్చాడు. దొరికినవాళ్ళని ఎక్కించుకుని వెనక్కి వచ్చేశారు. సాలమోను వెనక తలుపుకి వెళ్ళి ఉంటాడని దారి పొడుగునా జగ్గయ్య తనకి తాను చెప్పుకున్నాడు.

పెద్దోడలో డాక్టరు సంగతి విని తల పట్టుకున్నాడు. ఇలాంటిది ఇంకో ఓడకి పట్టిందని అతను విని ఉన్నాడు. అది చచ్చినవాళ్ళ గొంతులతో పిలుస్తుందట. ఎవడు పలికితే వాడి గొంతు దానికి దొరుకుతుంది, గొంతు దొరికితే దారి దొరుకుతుంది. అమ్మ పిలిచినా, పెళ్ళాం పిలిచినా పలకొద్దని ఓడంతా ఆజ్ఞ వేశారు. పడవల గది బయటి తలుపులకి తాళాలు పడ్డాయి. ఆ కెప్టెను చెడ్డవాడు కాదు. మిగిలినవాళ్ళని కాపాడుకోవాలని చూశాడు. ఆ మాట జగ్గయ్య కూడా ఎప్పుడూ కాదనలేదు.

జగ్గయ్య మాత్రం తన పడవలోంచి దిగలేదు. మాటల పెట్టె పక్కనే కూర్చున్నాడు. చాలాసేపటికి పెట్టె గరగరలాడింది.

"ఓ పడవోయ్."

సాలమోను గొంతు. ఆఖర్న సాగదీయడం, సాగదీశాక బీడీ దగ్గు, అన్నీ వాడివే. ఆజ్ఞ జగ్గయ్యకి గుర్తుంది. డాక్టరు మాటలూ గుర్తున్నాయి. కానీ చిన్నప్పటి నుంచీ అవతలి ఒడ్డు కేకకి బదులిచ్చిన నోరు అతనిది. మనసు వద్దనేలోపల చెయ్యి మీట నొక్కేసింది, నోరు పలికేసింది.

"ఓయ్."

ఆ తర్వాత పిడి లాగాడు. పడవ కదల్లేదు. బయటి తలుపులకి తాళాలున్నాయి. లేచి తలుపుని గుద్దాడు, తన్నాడు. కాపలా సిపాయిలు వచ్చి పట్టుకుని కెప్టెను ముందు నిలబెట్టారు. కాళ్ళ మీద పడి ఒక్కసారి వెళ్ళొస్తానని బతిమాలాడు. సుబేదారు మధ్యలో ఉండి కెప్టెను మాట తెలుగులో చెప్పాడు: అది నీ స్నేహితుడు కాదు, వాడు చచ్చిపోయాడు, వాడి గొంతుని అది వాడుకుంటోంది, నువ్వు పలికి దానికి మన దారి చూపించావు.

కెప్టెను పక్కనున్న మాటల పెట్టెలోంచి ఇంకో రెండుసార్లు పిలుపు వచ్చింది. రెండుసార్లూ కోపం లేదు, కంగారు లేదు. పలికించుకున్న మనిషి ఒడ్డున కూర్చుని, ఆలస్యమైతే ఊసుపోక మళ్ళీ ఒక కేక వేసినట్టు ఉంది. జగ్గయ్య చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత పిలుపులు ఆగిపోయాయి. ఆ పైన కెప్టెను ఫిరంగులు పేల్చి ఆ ఓడని కాల్పించాడు.

అయినా బాధ తప్పలేదు. కొన్నాళ్ళకి పడవల గది గొట్టాల్లోంచి "ఓయ్" అని వినపడసాగింది. జగ్గయ్య గొంతే. తను నోరు మూసుకుని కూర్చుని ఉండగా, తన గొంతు గోడలోంచి పలుకుతుంటే వినడం ఎలాంటిదో ఎవరికి చెప్పగలడు? సుబేదారు మంచం పక్క గోడకి తెల్లటి నూగు కనపడింది. ఆ తర్వాత సుబేదారే కనపడలేదు. తోటి పడవవాళ్ళు కొందరు ఆ గొంతు నిజం జగ్గయ్యదే అనుకుని బదులు పలికి గోడలో కలిసిపోయారు. కెప్టెను కింది అంతస్తంతా మూయించి, లోపల ఉన్నవాళ్ళతో సహా తగలబెట్టించాడు. ఆ తెలుపు సుబేదారు బట్టలకి అంటుకుని వచ్చిందో, జగ్గయ్య పలుకు వెంబడి వచ్చిందో డాక్టరు కూడా తేల్చలేదు. జగ్గయ్య తేల్చేసుకున్నాడు. చచ్చినవాడికి పలికి బతికున్నవాళ్ళని చంపానని అతని నమ్మకం.

నలభై ఆరులో ఇంటికి చేరాడు. చేరిన మర్నాడే ఏరు దాటి సత్తెమ్మ దగ్గరికి వెళ్ళాడు. సాలమోను తుపాకీ దెబ్బకి ఒక్క క్షణంలో పోయాడనీ, బాధపడలేదనీ, ఒక్క మాటైనా అనలేదనీ చెప్పాడు. ఆమె విని, గోడకి ఆనుకుని కూర్చుని, కాసేపటికి అతనికి మంచినీళ్ళు ఇచ్చింది. ఇచ్చిన మాట సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆ వేళే నిజం చెప్పేసేవాడేమో.

కొత్త పాటదారు ఈలోగా రేవు వదులుకున్నాడు. జగ్గయ్య మళ్ళీ పడవెక్కాడు. తెడ్డు చేతికొచ్చింది, ఏరు ఎప్పటిలాగే ఉంది, ఒక్కటి మాత్రం పోయింది. అవతల నుంచి ఎవరు కూకేసినా అతను పలికేవాడు కాదు. వెళ్ళడం వెళ్ళేవాడే, కానీ పలక్కుండా వెళ్ళేవాడు. పలుకు వినపడక జనం గట్టు వెంట దిగువ రేవుకి నడక మొదలెట్టేవారు. సగం దారిలో వెనక్కి చూస్తే జగ్గయ్య పడవ ఖాళీ ఒడ్డుకి చేరి ఉండేది. తిట్టుకుంటూ మళ్ళీ వెనక్కి వచ్చేవారు. మూగరేవు అని పేరు పెట్టారు. పాతికమంది పెద్దమనుషులు వచ్చి, ఒక్క ముక్క "ఓయ్" అంటే నీ సొమ్మేం పోయిందయ్యా అని నిలదీశారు. అలాగేనండి అన్నాడు. మర్నాడు కూడా పలకలేదు. ఇంట్లో వీరాయమ్మ పిలిచినా పలక్కుండా ఎదురుగా వచ్చి నిలబడేవాడు. ఆవిడ మొదట పోట్లాడింది, తర్వాత అలవాటు పడింది. అలవాటు పడిపోయినందుకు ఒక్కోసారి కళ్ళొత్తుకునేది.

సత్తెమ్మ ఆదివారాలు ప్రార్థనకి అమలాపురం గుడికి వెళ్తూ అతని పడవే ఎక్కేది. అతని అవస్థ ఆమె ఒక్కతెకే తెలిసినట్టు ఉండేది. కేక వేసి, పలుకు రాకపోయినా కదలకుండా కూర్చునేది. పడవలో ఎక్కాక అన్నం తిన్నావా బాబూ అని అడిగేది. తిన్నానమ్మా అనేవాడు. ఏడేళ్ళ పాటు ఇద్దరి మధ్య నడిచిన మాటలు అవే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది, కార్తీకంలో, ఒక మధ్యాహ్నం ఖాకీ నిక్కరు వేసుకున్న మనిషొకడు రేవులోకి వచ్చాడు. సగం జుట్టు నెరిసింది, ఒక చెంపంతా కాలిన మచ్చ. నీళ్ళని చూసి జంకుతూ పడవెక్కి, రెండు చేతులా అంచులు పట్టుకుని కూర్చున్నాడు. జగ్గయ్య వాణ్ణి గుర్తుపట్టలేదు. గడ్డం పెరిగి, చిక్కి సగమైన జగ్గయ్యని వాడూ గుర్తుపట్టలేదు. ఏరు మధ్యకి వచ్చాక భయం పోగొట్టుకోడానికి కాబోలు వాడే మాట కలిపాడు. అవతల పేటలో సత్తెమ్మ అనే ఆమె ఇల్లు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాడు జగ్గయ్య.

"ఆమె కొడుకూ నేనూ ఒకే ఓడలో ఉంటిమి. ఆఖరి దినం దాకా నాతోనే ఉండె," అన్నాడు ఆ మనిషి. "ఈ రేవులోనే ఒకాయప్ప పడవ నడుపుతాండె గదా. ఆయప్ప తిరిగొచ్చినాడా, లేదా?"

తెడ్డు జగ్గయ్య చేతిలో ఆగిపోయింది. పడవ దానంతట అది పాటుకి దిగువకి కొట్టుకుపోవడం మొదలుపెట్టింది. ఓబులేసూ అన్నాడు జగ్గయ్య. ఓబులేసు అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాక కావిలించుకుని ఏడ్చాడు. వెనక తలుపు దగ్గర తనని ఎక్కించుకున్న ఓడవాళ్ళు ఆ జబ్బు భయంతో ఎక్కడో కొండల మీద ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి మూసి ఉంచారనీ, విడిచాక కూడా సాలమోను చెప్పిన ఏటి పేరు, రేవు పేరు పట్టుకుని వెతుక్కుంటూ రావడానికి ఇన్నాళ్ళు పట్టిందనీ చెప్పాడు.

మిగతాది జగ్గయ్య అడిగాడు. అడక్కుండా ఉండలేకపోయాడు. ఓబులేసు చెప్పాడు. తలుపు పడ్డాక వాళ్ళిద్దరూ ఒక గదిలోకి దూరి తలుపు బిగించుకున్నారు. అక్కడ మాటల పెట్టె దొరికింది. సాలమోను కేకేశాడు. అటు నుంచి పలుకు వచ్చింది. వాడి ముఖం వెలిగిపోయింది. తుపాకీ పక్కన పెట్టి, బూట్లు విప్పి, గోడకి దూరంగా నేల మీద కూర్చున్నాడు. వెనక తలుపుకి దారి అప్పటికింకా తెరిచే ఉంది.

"పోదాం రారా, కెప్టెను ఏం సెప్పినాడు, వెనక్కి పొమ్మన్నాడు గదా అని సెయ్యి పట్టి గుంజితి. రాలే. మా రేవాయన పలికినాడు, వస్తాడు, ఇంత దూరం వచ్చి నేను కానరాకుంటే ఆయన మనసు ఎట్లుంటాదో నీకు తెలీదు, నువ్వు పో అనె. నేను పోతి. నాకు మీ పద్ధతులు తెలీవు గదన్నా."

జగ్గయ్య తెడ్డు వేశాడు. ఎనిమిదేళ్ళుగా అతను పలికినందుకు ఏడ్చాడు. ఆ పలుకు బతికున్న మనిషికే చేరిందనీ, ఆ పలుకే వాణ్ణి అక్కడ కూర్చోబెట్టిందనీ ఇప్పుడు తెలిసింది. తను పలక్కపోయి ఉంటే సాలమోను ఒక తిట్టు తిట్టుకుని దిగువ రేవుకి పోయేవాడు, బతికి ఉండేవాడు. చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నప్పుడు పిలిచినవాడు సాలమోనే. వాడు బూట్లు విప్పుకుని కూర్చుని పిలిచాడు.

ఒడ్డు చేరాక ఓబులేసుని ఒంటరిగా పంపేద్దామా అన్న ఆలోచన జగ్గయ్యకి రాకపోలేదు. దారి చూపిస్తే చాలు, తను వెళ్ళాల్సిన పని లేదు. పడవ కట్టేసి, నిలబడి, మళ్ళీ విప్పబోయి, ఆఖరికి వాడి వెంటే నడిచాడు.

సత్తెమ్మ వాకిట్లో కొబ్బరాకులు చీల్చుకుంటోంది. కొడుకుతో ఉన్న మనిషని తెలిసి చేతులు తుడుచుకుని చాప వేసింది. ఓబులేసు నెమ్మదిగా, ఏమీ దాచకుండా అంతా చెప్పాడు. పలికిన పడవవాడెవరో పేరు పెట్టి చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది. విన్నంతసేపూ ఆమె ఓబులేసుని చూడలేదు, చాప చివర తల వంచుకుని కూర్చున్న జగ్గయ్యనే చూసింది. వాడు బాధపడలేదనీ, ఒక్క మాటైనా అనలేదనీ తను చెప్పిన అబద్ధం ఆమెకి గుర్తొస్తూ ఉంటుందని జగ్గయ్యకి తెలుస్తూనే ఉంది.

"పలికేవా బాబూ?" అని అడిగింది.

"ఆయ్, పలికేనమ్మా."

"మరెందుకెళ్ళలేదు?"

తాళాలు, కాపలా సిపాయిలు, కెప్టెను, డాక్టరు, అన్నీ గొంతు దాకా వచ్చాయి. అన్నీ నిజాలే. వాటిలో ఒక్కటే బయటికి వచ్చింది. "వెళ్ళొద్దని ఆర్డరేసేరమ్మా," అన్నాడు.

సత్తెమ్మ గొంతులో కోపం లేదు. తెలియని సంగతి తెలుసుకుంటున్నట్టే అడిగింది.

"ఆర్డరు వాడిక్కూడా ఉంది గదా బాబూ, ఎవరి కోసం ఆగకుండా అటెళ్ళిపొమ్మని?"

ఆమె లేచి లోపలికి వెళ్ళి ఇద్దరికీ అన్నం పెట్టింది. చేపల పులుసు, మజ్జిగ. ఓబులేసు తిన్నాడు. జగ్గయ్య కలిపిన ముద్ద కలిపినట్టే పట్టుకుని కూర్చుంటే, తినమని ఆమె ఒకసారి చెప్పింది, రెండోసారి చెప్పలేదు.

మర్నాటి నుంచి జగ్గయ్య మళ్ళీ పలకడం మొదలుపెట్టాడు. అవతల ఎవరు కూకేసినా, చంటిపిల్లాడు ఆటకి కూకేసినా, "ఓయ్" అని పలికి పడవ తోసుకుని బయల్దేరేవాడు. వరదలో వెళ్ళాడు, గాలివానలో వెళ్ళాడు, ఒళ్ళు కాలిపోతుంటే వీరాయమ్మ కాళ్ళకి అడ్డం పడినా వెళ్ళాడు. మూగరేవుకి మాటలొచ్చాయని జనం సంతోషించారు. యాభై ఎనిమిదిలో జబ్బు చేసి మంచం పట్టేదాకా అతని నోట అబద్ధపు పలుకు రాలేదు. ఆదివారాలు పొద్దున్నే పడవ ఖాళీగా ఉంచుకుని అవతలి ఒడ్డు వైపే చూసేవాడు. సత్తెమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని, రేవు మీదుగానే వచ్చేది. అక్కడ ఆగకుండా, ఏటి వైపు చూడకుండా, గట్టు వెంట దిగువ రేవుకి నడిచి వెళ్ళిపోయేది.